వాయిదాల చిట్టాగా మిగిలిన డాకెట్టు

2015 నవంబరు 17వ తేదిని చిత్తూరు నగర మేయరు కఠారి అనూరాధయు ఆమె భర్త మోహనును హత్యకు గురియైరి. ఆ కేసులో దోషులుగా నిర్ణయింపబడిన ఐదుగురికి చిత్తూరు న్యాయస్థానము మరణశిక్ష విధించినది 2025 అక్టోబరు మాసాంతమున. హత్యకును తీర్పునకును నడుమ ఇంచుమించు పది సంవత్సరములు గడచినవి. 2019 నవంబరులో మదనపల్లె ప్రాంతమున వివాహమునకు వచ్చిన యొక కుటుంబములోని ఐదేండ్ల బాలిక అత్యాచారమునకును హత్యకును గురికాగా, ఆ కేసును విచారించిన చిత్తూరు పోక్సో ప్రత్యేక న్యాయస్థానము 2020 ఫిబ్రవరిలోనే, నాలుగు మాసములైన నిండకమునుపే, ముద్దాయికి మరణశిక్ష విధించినది. మరణశిక్ష ఏదియైనను హైకోర్టు ధ్రువపఱచినగాని అమలుకు రాదు గావున ఈ రెండు తీర్పుల గుణదోషములు ఇచట విచార్యములు కావు. ఒకే పట్టణమున, ఒకే హైకోర్టు అధీనమున, ఒక విచారణకు దశాబ్దమును మఱియొక విచారణకు నాలుగు మాసములకు లోపలి కాలమును పట్టుట ఎట్లు సంభవించెనన్నదే మనము ఆలోచింపవలసిన విషయము.

ఈ ప్రశ్నకు తొందరపడి చెప్పగల సమాధానములు లేకపోలేదు. మొదటి కేసులో ముద్దాయిలు పెక్కురు, సాక్షులు పెక్కురు; రెండవదానిలో ముద్దాయి యొక్కడే. 2012వ సంవత్సరపు పోక్సో చట్టము బాలల సాక్ష్యమును ముప్పది దినములలోను, విచారణను సాధ్యమైనంతవఱకు ఒక సంవత్సరములోను ముగింపుమని శాసించుచుండగా, సాధారణ హత్యకేసునకు అట్టి నిర్దిష్టమైన గడువు లేదు. ఇవి యన్నియు వాస్తవములే. కాని గడువును శాసించిన చట్టము దేశమంతటికిని ఒక్కటియే యైనను, ఆ చట్టము క్రింది కేసులన్నియు గడువులో ముగియుటలేదు. శాసనము వేగమును కోరగలదుగాని కలిగింపజాలదు. సాక్షులను వరుసగా పిలిచి, తేదికిని తేదికిని నడుమ ఎడము లేకుండ విచారణను నడుపవలెనని న్యాయస్థానము నిశ్చయించి, ఆ నిశ్చయమును ప్రాసిక్యూషనుచేతను రక్షణపక్షపు న్యాయవాదిచేతను పాటింపజేసినపుడే వేగము కలుగును. ఆ నిశ్చయము గాని, నిశ్చయరాహిత్యము గాని అక్షరరూపమున కనబడు కాగితమునకే మన న్యాయస్థానములలో డాకెట్టు అని పేరు.

ఈ ఆంగ్లపదము మనకు క్రొత్తది కాదు; దీనికి గల భిన్నార్థములన్నియు తిరుపతి చిత్తూరు ప్రాంతమున ఏదో యొక రూపమున నిత్యవ్యవహారములో నున్నవి. పార్సెలు కచేరిలో సరకు అప్పగించినవానికి డాకెట్టు నంబరు నిత్తురు. చిత్తూరు పరిసరములలోని గుజ్జు కర్మాగారములనుండి చెన్నపట్టణపు రేవునకు పోవు తోతాపురి గుజ్జు పీపాయిలమీద అంటించిన చీటీ లోపలి సరకేదో, ఏ లాటుదో, ఏనాడు నింపినదో, ఎచటికి పోవలసినదో చెప్పును. కార్యక్రమముల కాలపట్టిక యను అర్థమును ఈ పదమునకు నిఘంటువులు చెప్పుచున్నవి. ఇక న్యాయస్థానములందు కేసుల జాబితాకును, కేసుయొక్క దినచర్యాపత్రమునకును ఇదియే పేరు. ఈ యర్థములన్నింటికిని మూలసూత్ర మొక్కటే: మూట విప్పకయే, కట్ట తిరుగవేయకయే, లోపలి విషయమేదో, అది ఇప్పుడెచట నున్నదో, ఎప్పటికి గమ్యము చేరవలెనో తెలియజేయుట. గుజ్జు పీపాయిమీది చీటీ ఈ పనిని చక్కగ నిర్వర్తించుచున్నది. చేరవలసిన చోటు వ్రాయక, ఆగిన మజిలీలను మాత్రమే వ్రాసిన చీటీతో ఏ వర్తకుడును తన సరకును ఓడ కెక్కింపడు. మన న్యాయస్థానపు డాకెట్టు అట్టి చీటీగా మిగిలిపోయినదనుటయే ఈ వ్యాసమున నేను చేయదలచిన యారోపణము.

న్యాయస్థానపు లోపలి వ్యవస్థ నెఱుగని పాఠకుల కొఱకు రెండు మాటలు చెప్పవలసియున్నది. ప్రతి కేసు కట్టలోను డాకెట్టు షీటు అను కాగితము లుండును. వాయిదా వాయిదాకును జరిగినదానిని అందు సంక్షేపముగ వ్రాసి న్యాయాధికారి సంతకము చేయుదురు. చిన్న చిన్న యుత్తరువులును అందే వ్రాయబడును. వాటినే డాకెట్టు ఆర్డర్లందురు, వాటిమీద హైకోర్టునకు రివిజను పిటీషనులును పోవుచుండును. ఏ దినమున ఏయే కేసులు పిలువబడునో తెలుపు జాబితా కాజ్ లిస్టు. ఏ కేసు ఏ తేదికి వాయిదా పడినదో వరుసగ నమోదు చేయు పుస్తకము ‘ఏ’ డైరీ. న్యాయస్థానమున ఏమి జరిగినదన్న విషయమున న్యాయాధికారి వ్రాసిన రికార్డే ప్రమాణమనియు, దానికి విరుద్ధముగ పై న్యాయస్థానములో వాదించుటకు వీలులేదనియు సుప్రీంకోర్టు 1982లో స్థిరపఱచియున్నది. అంతటి ప్రామాణ్యము గల కాగితమున ఏమి వ్రాయబడుచున్నది?

పుత్తూరులోనో పలమనేరులోనో అన్నదమ్ముల నడుమ దాఖలైన భాగపంపకపు దావా నొకదానిని ఊహింతము. మొదట ప్రతివాదులకు సమన్లు, ఒకరికి అందినవి, మఱియొకరు బెంగుళూరులో నున్నారని తిరిగివచ్చినవి, మరల సమన్లు. తరువాత వకాల్తా. తరువాత జవాబు దావాకొఱకు వాయిదా, మరల అందులకే వాయిదా. చట్టము ప్రకారము దానికి ముప్పది దినములే గడువు, న్యాయస్థానము తొంబది దినములవఱకు పొడిగింపవచ్చును. నడుమ ఇంజక్షను పిటీషను, దానికి కౌంటరు, దానిపై వాదనలు. ఇష్యూలు నిర్ణయమైన పిమ్మట వాది ప్రమాణపత్రము, క్రాసు పరీక్ష, ప్రతివాది సాక్ష్యము, వాదనలు, తీర్పు. ఈ దశలన్నియు న్యాయముగ అవసరమైనవే. వీటిలో దేనిని తొలగించినను ఎవరో ఒకరికి అన్యాయము జరుగును. ఐనను దావా దీర్ఘమగుటకు కారణము ఈ దశలు కావు. ఒక దశకును మఱియొక దశకును నడుమ డాకెట్టులో పేరుకొనిపోవు ‘ఎట్ రిక్వెస్ట్, కాలాన్’ అను చిన్న వాక్యములు. కోరికపై ఫలానా తేదికి పిలువవలెనని వాటి భావము. ఎవరి కోరిక? ఎందులకు? ఎదిరిపక్షము ఒప్పుకొనెనా? ఖర్చులు విధింపబడెనా? ఆ వాక్యము చెప్పదు. కర్తయు కారణమును లేని ఆ వాక్యమునందే కొన్ని సంవత్సరములు కరిగిపోవును.

కక్షిదారుని వైపునుండి చూచినచో ఆ వాక్యము విలువ మఱింత తెలియును. వాది హాజరుగాకున్న దావా డిఫాల్టుక్రింద కొట్టివేయబడవచ్చును. ప్రతివాది హాజరుగాకున్న ఎక్స్‌పార్టీ డిక్రీ రావచ్చును. ఆ రెండింటిని తొలగించుకొనుటకు ముప్పది దినముల లోపల మరల పిటీషను వేసికొనవలెను. ఈ భయముచేత సేద్యగాడు దుక్కి మానుకొని, కూలి తన కూలి పోగొట్టుకొని, ముసలివారు మనుమని తోడు తెచ్చుకొని ప్రతి వాయిదాకును పదిన్నర గంటలకు వచ్చి వరండాలో నిలుతురు. సాయంకాలమునకు ప్లీడరు గుమాస్తాను పట్టుకొని “మాది పిలిచినారా సామీ?” అని యడుగుదురు. “వాయిదా పడింది పెద్దాయనా, వచ్చే నెలకి వేసినారు” అని యతడు చెప్పును. ఎందులకు పడినదో గుమాస్తాకును తెలియదు. తెలిసినను చెప్పుట యతని పని కాదు. డాకెట్టులో వ్రాసినది ప్రాయికముగ ఆంగ్లమున నుండుటచేత ఆ పెద్దమనుష్యుడు చదువుకొనజాలడు. తన వివాదమునకు సంబంధించిన చరిత్రమంతయు ఒక కాగితముమీద నుండగా, ఆ చరిత్రమునకు నాయకుడైనవానికే అది తెలియకుండుట మన వ్యవస్థలోని వైపరీత్యము.

ఈ వాయిదాలకు న్యాయవాదుల అలసత్వమే కారణమని కొందఱును, న్యాయాధికారుల మెతకదనమే కారణమని మఱికొందఱును చెప్పుదురు. నాకు తోచినంతవఱకు దోషము జాబితాయొక్క నిర్మాణములోనే యున్నది. ఎనుబది కేసులున్న ఒకనాటి కాజ్ లిస్టును ఊహింపుడు. భోజనవిరామము పోగా న్యాయస్థానమునకు చిక్కు కాలము ఐదున్నర గంటలనుకొన్నచో అది 330 నిమిషములు. ఒక్కొక్క కేసునకు నాలుగు నిమిషములు. ఆస్తి దావాలో ఒక సాక్షిని క్రాసు చేయుటకే గంటయో రెండు గంటలో పట్టును గదా! కేసులను వరుసగ పిలుచు కాల్ వర్కు ముగియునప్పటికే పూర్వాహ్ణము గడచిపోవును. మిగిలినకాలమున ఒకటి రెండు విచారణలకంటె సాగవు. కావున జాబితా గోడమీద అంటించిన క్షణముననే అందలి యధికభాగము వాయిదా పడుట నిశ్చయమై యుండును. ఇది యెఱిగిన న్యాయవాది అన్ని కేసులకును సిద్ధపడి రాడు. సిద్ధపడి రానందున వాయిదా కోరును. ఒక కేసులో సాక్షి రాకపోవచ్చునని యెఱిగిన న్యాయాధికారి, కాలము వ్యర్థము కాకుండుటకై, జాబితాలో మఱిన్ని కేసులు వేయుదురు. జాబితా పెరిగినకొలది సిద్ధత తఱుగును. సిద్ధత తఱిగినకొలది జాబితా పెరుగును. ఈ విషవలయమున అందఱును వివేకముతోనే ప్రవర్తించుచున్నారు. అందఱి వివేకముల మొత్తమే అవివేకముగ పరిణమించుచున్నది.

ఈ వ్యాధి నేటిది కాదు. 1843లో కుంఫిణీ ప్రభుత్వము తిరుమల ఆలయ నిర్వహణమును హాథీరాంజీ మఠపు మహంతుల కప్పగించిన పిదప, ఆ నిర్వహణమునకొక పద్ధతిని ఏర్పఱుపుమని కోరుచు పందొమ్మిదవ శతాబ్దపు చివర ఉత్తర ఆర్కాటు జిల్లా న్యాయస్థానమున ఆరంభమైన వ్యాజ్యము మద్రాసు హైకోర్టుమీదుగ లండనులోని ప్రీవీ కౌన్సిలువఱకు పోయి, 1907లోగాని ఒక కొలిక్కి రాలేదు. ఉత్తర ఆర్కాటు జిల్లాకు అప్పుడు ముఖ్యపట్టణము చిత్తూరే. 1911 ఏప్రిల్ 1వ తేదిని ప్రత్యేక జిల్లాగా ఏర్పడక పూర్వమే ఈ యూరు మహావ్యాజ్యములను చూచినది. పిమ్మట 1933లో దేవస్థానపు పాలన మహంతులనుండి కమిటీకి సంక్రమించినది. అంతటి వ్యాజ్యమును నడుపుటకు ఉభయపక్షములకును ధనబలము, ప్రసిద్ధులైన న్యాయవాదుల సాయము నుండెను. సముద్రము దాటి పోయినను వారు నిలువగలిగిరి. రెండెకరముల మెట్టకు దావా వేసినవానికి అట్టి నిలుకడ ఎక్కడిది? సివిలు వ్యాజ్యముల జాప్యమును పరిశీలించుటకు 1924లో రాంకిన్ న్యాయమూర్తి అధ్యక్షతను సివిల్ జస్టిస్ కమిటీని నియమించిరి. స్వాతంత్ర్యానంతరము సెతల్వాడు అధ్యక్షతను ప్రథమ లా కమిషను 1958లో తన పదునాలుగవ నివేదికలో న్యాయపాలనమును సమగ్రముగ విమర్శించెను. నూఱేండ్లుగ నివేదికలు వచ్చుచునే యున్నవి. దేశమునందలి జిల్లా న్యాయస్థానములలో నేడు నాలుగు కోట్లకు పైబడిన కేసులు నిలిచియున్నవి.

శాసనలోపము ఇందులకు కారణమనుటకు వీలులేదు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడునకు చేయబడి 2002 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన సవరణల ప్రకారము, విచారణదశలో ఒక పక్షమునకు మూడు సారులకు మించి వాయిదా నీయరాదు, కారణము వ్రాయవలెను, ఖర్చులు విధింపవలెను. అనివార్యమైన పరిస్థితులలో నాల్గవ వాయిదా నిచ్చుటకు న్యాయస్థానము అశక్తము కాదని 2005లో సేలము న్యాయవాదుల సంఘపు కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. అసాధారణమునకు తెఱచిన ఆ ద్వారమునుండి సాధారణ మంతయు నడచిపోవుచున్నది. క్రిమినలు కేసులకు 2024 జూలై 1నుండి వర్తించుచున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్షులు హాజరైనపుడు విచారణను దినదినము సాగింపుమని 346వ సెక్షనులో పాతమాటనే మరల చెప్పి, కక్షిదారునకు అతీతమైన కారణములున్నప్పుడును రెండు వాయిదాలకు మించరాదని క్రొత్త నియమమును చేర్చినది. వీటన్నింటికంటె ముఖ్యమైనది 2011లో రామ్‌రామేశ్వరీదేవి కేసులో సుప్రీంకోర్టు చేసిన సూచన: దావా దాఖలైనపుడే, జవాబు దావా మొదలు తీర్పు వఱకు అన్ని దశలకును తేదులు నిర్ణయించి సంపూర్ణమైన కాలపట్టికను సిద్ధపఱచి, దానిని గట్టిగ పాటింపవలెనని. డాకెట్టు గతమును వ్రాయు పత్రముగ కాక భవిష్యత్తును నిర్ణయించు పత్రముగ నుండవలెనన్న సిద్ధాంతమునకు ఇంతకుమించిన ప్రమాణము వేఱొకటి యక్కఱలేదు. సూచన వచ్చి పదేండ్లు దాటినది. జిల్లా న్యాయస్థానములలో అది ఆచారముగ పరిణమింపలేదు. డబ్బుగల వర్తకుల వివాదములకు మాత్రము 2015 నాటి వాణిజ్య న్యాయస్థానముల చట్టము ఇట్టి కాలపట్టికను నిర్బంధముగ విధించినది. పేదవాని భూమి దావాకు అదే నియమ మేల యుండరాదో ఎవరును చెప్పలేదు.

చిత్తూరు, తిరుపతి జిల్లాలకు కొన్ని ప్రత్యేకములైన చిక్కులు కలవన్న మాట నిజము. ఇవి మూడు రాష్ట్రములు కలియు సీమలు. శేషాచలపు ఎఱ్ఱచందనపు దొంగరవాణా కేసుల నిమిత్తము తిరుపతిలో ప్రత్యేక న్యాయస్థాన మేర్పడినది. 2016లో రాష్ట్ర అటవీ చట్టమును సవరించి శిక్షలను కఠినతరము చేసినారు. కాని ఆ కేసులలో ముద్దాయిలనేకులు తమిళనాట తిరువణ్ణామలై, వేలూరు ప్రాంతపు కొండపల్లెల నిరుపేద కూలీలు. జామీనుమీద విడుదలయై వెళ్ళినవాని చిరునామాకు వారంటు పోవుట, అమలుకాక తిరిగివచ్చుట, మరల వారంటు వ్రాయుట డాకెట్టులలో పరిపాటి. పదిమంది ముద్దాయిలలో ఒకడు రాకున్న తొమ్మిదిమంది విచారణయు నిలిచిపోవుచుండును. రానివాని కేసును విడదీసి మిగిలినవారి విచారణను సాగించు పద్ధతి మన న్యాయస్థానములకు తెలియనిది కాదు. దానిని అయిదేండ్లకు కాక ఆరు మాసములకే ప్రయోగించిన అందఱికిని మేలు. విచారణఖైదీగ చెఱలో నున్నవానికైతే ప్రతి వాయిదాయు శిక్షయే. సత్వర విచారణ రాజ్యాంగపు 21వ అధికరణమున ఇమిడిన హక్కని 1979లో హుసైనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది ఇట్టివారిని చూచియే.

యంత్రసాధనములచేత కొంత మేలు జరిగినదని ఒప్పుకొనవలెను. ఈ-కోర్టుల పథకము 2007లో ఆరంభమై, నేడు ప్రతి కేసునకును పదునాఱు అక్షరాంకెల సి.ఎన్.ఆర్. సంఖ్య నిచ్చినది, ఆ సంఖ్యతో వాయిదా తేదిని సెల్‌ఫోనులో చూచుకొనవచ్చును. జాతీయ న్యాయ సమాచార వ్యవస్థ నిలిచియున్న కేసుల లెక్కలను జిల్లాలవారిగ ప్రకటించుచున్నది. మూడవ దశకై 2023లో కేంద్రమంత్రివర్గము 7,210 కోట్ల రూపాయలను మంజూరు చేసినది. ఐనను కక్షిదారుని ఫోనులో కనబడునది ప్రధానముగ రాబోవు తేదియు, ఆనాటి విచారణోద్దేశమును. గడచిన వాయిదా ఎవరి మూలమున పడినదో, ఎన్నవసారి పడినదో, కేసు ఎప్పటికి ముగియనున్నదో స్పష్టముగ కనబడదు. ‘కాలాన్’ను కంప్యూటరులో నెక్కించినంతమాత్రమున అది ‘కాలాన్’ కాకపోదు. కాగితముమీది అస్పష్టతను తెరమీదికి మార్చుటకు అన్ని కోట్లు వెచ్చింపబనిలేదు.

కాలమును భాగించి జనమును పిలుచుట అసాధ్యమని యెవరైన అన్నచో తిరుపతిలో నిలిచి ఆ మాట అనరాదు. దినమునకు అఱువది డెబ్బదివేల మంది యాత్రికులు వచ్చు తిరుమలలో, సర్వదర్శనమునకు పోవువారికి సైతము కొండక్రింద విష్ణునివాసము, శ్రీనివాసము వంటి వసతిగృహములయొద్ద వేళ నిర్ణయించిన టోకెనులిచ్చు పద్ధతిని దేవస్థానము చాలకాలముగ నడుపుచున్నది. ఆ టోకెనులకొఱకే 2025 జనవరి 8వ తేదిని, వైకుంఠద్వార దర్శనమునకు ముందు, జనము ఒక్కమాఱుగ గుమిగూడగా తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు మృతిచెందిరి. వేళను భాగించుటవలన కలుగు మేలును, ఒకే వేళకు అందఱిని రప్పించుటవలన కలుగు కీడును ఈ యూరు రెండింటిని కన్నులార చూచినది. న్యాయస్థానపు వరండాలో ప్రాణములు పోవు. దినములు పోవును, కూలి పోవును, చట్టముమీది నమ్మకము పోవును. పదిన్నరకు అందఱును అను నియమమునకు బదులు సమన్ల దశలోని కేసులు ఒక గంటకు, పిటీషనులు ఒక గంటకు, సాక్షుల విచారణ నిర్ణీతవేళకు అని జాబితాను భాగించుటకు క్రొత్త చట్టము గాని, క్రొత్త భవనము గాని అవసరము లేదు.

దీనికి రెండు ఆక్షేపణలు రాగలవు. న్యాయాధికారుల కొఱత తీరనిదే జాబితాలను దిద్దుటవలన ప్రయోజనము లేదనుట మొదటిది. కొఱత వాస్తవము. పది లక్షల జనాభాకు ఏబదిమంది న్యాయాధికారు లుండవలెనని 1987లో లా కమిషను తన 120వ నివేదికలో చెప్పెను. ఆ లక్ష్యమును ఐదేండ్లలో అందుకొనుమని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించెను. నేటికిని ఆ సంఖ్య ఇరువదియొకటికి అటునిటుగనే యున్నది. ప్రభుత్వములు ఈ బాధ్యతనుండి తప్పించుకొనరాదు. ఐతే వైద్యులు తక్కువగ నున్న ఆసుపత్రికి రోగుల వరుసక్రమము మఱింత అవసరమైనట్లు, న్యాయాధికారులు తక్కువగ నున్న న్యాయస్థానమునకు కాలనియమము మఱింత అవసరము. ఉన్న న్యాయాధికారి గంటలను ఫలింపని పిలుపులలో వ్యయపఱచుచు క్రొత్తవారిని కోరుట సమంజసము కాదు. తొందరపాటు న్యాయమునకు శత్రువనుట రెండవ యాక్షేపణ. ఇది మఱింత గౌరవింపదగినది. నాలుగు మాసములలో ముగిసినదన్న కారణముచేత ఏ తీర్పును ఉత్తమమైనది కాజాలదు. ముద్దాయికి న్యాయవాది సాయము, క్రాసు పరీక్షకు వ్యవధి, రక్షణసాక్ష్యమునకు అవకాశము చేకూరనిచో వేగము హింసయే. నేను కోరునది వేగము కాదు, నియతి. క్రాసు పరీక్షకు రెండు దినములు కావలసినచో రెండు దినములు పట్టికలో ముందే వ్రాయుడు. వాదనలకు మూడు గంటలు కావలసినచో మూడు గంటలు కేటాయింపుడు. వాదనలకు కాలపరిమితిని నిర్ణయించు నధికారమును సివిలు ప్రొసీజరు కోడే న్యాయస్థానమున కిచ్చియున్నది. తెలిసిన దీర్ఘకాలము భరింపదగినది; తెలియని స్వల్పకాలముకూడ దుర్భరము.

న్యాయాధికారుల పనిని పరిష్కారముల యూనిట్ల లెక్కన కొలుచు పద్ధతి యొకటి మన రాష్ట్రమున కలదు. సులభముగ తేలు కేసులు లెక్కకు వచ్చుచుండగా, పాతవి, చిక్కనివి వెనుకబడుట అట్టి కొలమానమునకు సహజ దోషము. ముగిసిన కేసుల సంఖ్యతోపాటు, ముందుగ ప్రకటించిన కాలపట్టికను ఎన్ని కేసులలో నిలుపుకొన్నారన్న దానినిగూడ కొలమానమున చేర్చినగాని డాకెట్టునకు గౌరవము రాదు. డిక్రీ వచ్చిన తరువాతను ఈ సూత్రమే వర్తింపవలెను. అమలు పిటీషనులను ఆరు మాసములలో పరిష్కరింపుమని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించియుండగా, గెలిచినవాడు అమలు పిటీషను వాయిదాలకు మరల మొదటినుండి తిరుగుట మన జిల్లాలలో ఎవరికిని ఆశ్చర్యము కలిగించుటలేదు. దావా వేసినవాడు కోరినది డిక్రీ కాగితము కాదు, తన భూమి.

కావున చేయవలసినవి నాలుగు కార్యములు. ఇష్యూలు నిర్ణయించిన దినముననే తీర్పు వఱకు కాలపట్టికను డాకెట్టు మొదటి పుటలో వ్రాసి ఉభయపక్షముల సంతకములు గైకొనవలెను. దినపు జాబితాలో వేళలను నిర్దేశించి, విచారణకు నిలుపు కేసులను ఆ దినము వినగలిగినన్నింటికే పరిమితము చేయవలెను. వాయిదా ఇచ్చినపుడెల్ల ఎవరు కోరిరి, ఏ కారణమున, ఇది ఎన్నవది యను మూడు మాటలను తప్పక వ్రాయవలెను. ఆ వ్రాతనే తెనుగున ఒక వాక్యముగ కక్షిదారుని ఫోనునకు ఆ సాయంకాలమే పంపవలెను. మూడు వాయిదాల హద్దు దాటినపుడు ఖర్చులను నామమాత్రముగ కాక, ఎదిరిపక్షపువాడు పోగొట్టుకొన్న దినమునకు సరిపోవునట్లుగ విధింపవలెను. వీటిలో ఏ యొక్కదానికిని శాసనసభ సమావేశము కానక్కఱలేదు; హైకోర్టు నుండి ఒక సర్క్యులరును, జిల్లా న్యాయాధికారుల పట్టుదలయు చాలును.

చివరిమాట చిత్తూరు, తిరుపతి న్యాయవాదులకు. జాబితా అస్తవ్యస్తముగ నుండుటవలన మీకును లాభము లేదు. ఒకే దినమున నాలుగు న్యాయస్థానములలో పిలుపుల కందుకొనలేక పరుగులిడునది మీరే, కక్షిదారుని నిష్ఠూరమును మొదట వినునదియు మీరే. మీ సంఘములు పూనుకొని, పదేండ్లకు పైబడిన సివిలు దావాలను ఎంచుకొని, వాటికి మాత్రమైనను ఉభయపక్షముల యంగీకారముతో కాలపట్టికలు వ్రాయించి, ఒక సంవత్సరమువఱకు వాయిదా కోరకుండ నడిపింపుడు. వాయిదా అడుగు హక్కు న్యాయవాదిదే యనుకొన్నను, దానిని ప్రయోగింపకుండుటయు ఆయన చేతిలోనిదే.